చుట్టూ అంటే ఎవరెవరు?

కోదాడ, జులై 7
కాశీరాంకు,
క్షేమసమాచారాలు అడగను. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశావు కనుక పోస్టులో తిట్టాల్సి వస్తోంది.

మూడేళ్లుగా ప్రతి ఆదివారం బస్సెక్కి, సూర్యాపేటలో సుధ ఇంటికొచ్చి నీతో, సుధతో, రాహుల్‌తో పాచికలేసి ఆడే కథల ఆట ఆడాను. కథ నడిపేవాడివి నువ్వు. అందులో వజ్ర అనే మంత్రగత్తెను నేను. మొన్న నలుగురు దొంగలు చుట్టుముడితే అగ్నివాన మంత్రం వేశాను. ఆట రూల్స్ పుస్తకంలో ఏముంది? ‘చుట్టూ ఉన్న అందరికీ పన్నెండు దెబ్బలు.’ దొంగలు చచ్చారు. నువ్వు తాపీగా సమోసా నములుతూ, “అందరికీ అంటే నీకు గూడ అక్కా. వజ్ర ఖతం,” అన్నావు.

వజ్రను బతికించేదాకా రాను.
ఇట్లు, మండిపోతూ,
యశోద
తా.క.: ఆ పాచికలు నావి. పంపించు.

మిర్యాలగూడ, జులై 11
యశోదక్కకు నమస్కారం.
ఉత్తరం నేను పనిచేసే మిల్లు ఆఫీసుకొచ్చింది. నాకంటే ముందు గుమాస్తాలు చదివారు. ఒక్కరోజులో అరవై ఆడియోలు పంపితే గ్రూపులో ఎలా ఉంచుతారు?

పుస్తకంలో ‘శత్రువులకు’ అని లేదు, ‘అందరికీ’ అని ఉంది. దామరచర్లలో మా నాయనను కూడా అడిగాను. “పొయ్యి ముట్టిచ్చినోనికి సెగ తగలదా?” అన్నాడు. రూల్ అంటే రూల్.
నీ తమ్ముడు,
కాశీరాం
తా.క.: పాచికలు పంపాను. ఒకటి తక్కువ. సుధ వాళ్ల కుక్కను గమనిస్తున్నాం.

కోదాడ, జులై 15
కాశీరాంకు,
నా చావులోకి మీ నాయనను కూడా లాగావా? మా బడిలో తెలుగు సారు అచ్చయ్యగారికి పుస్తకం చూపించాను. రెండుసార్లు చదివి, “ఇంటి చుట్టూ గోడ కడితే ఇల్లు గోడైపోద్దా? మధ్యలో ఉన్నది చుట్టూ ఉండదమ్మా,” అన్నారు. రాసిచ్చి సంతకం పెట్టారు. జతచేశాను. ఇప్పుడు నములు.
యశోద
తా.క.: పాచిక దొరికితే రెండుసార్లు కడిగి పంపు.

మిర్యాలగూడ, జులై 19
అక్కా,
ఓడిపోయాను. వజ్ర బతికే ఉంది.

కానీ రూల్ అందరికీ ఒకటే కదా. ఏప్రిల్‌లో నువ్వు పరీక్షల డ్యూటీ అని రాని ఆదివారం, ఆటలో ముసలి మాంత్రికుడొకడు సుధ మీద, రాహుల్ మీద ఇదే అగ్నివాన వేశాడు. తన మంటలో తానే కాలిపోయాడు కనుక వాళ్లిద్దరూ కొన ఊపిరితో గెలిచారు. నీ సారు లెక్కన వాడు కాలలేదు. కాబట్టి చచ్చింది వాళ్లే. ఫోన్ చేసి చెప్పాను. “మూణ్నెల్ల కిందనే సచ్చిననా? మరి ఇన్ని ఆదివారాలు ఆడిందెవరు?” అని రాహుల్ ఫోన్ పెట్టేశాడు.
కాశీరాం
తా.క.: నువ్వొక్కదానివే రా. ఆట మనిద్దరికే.

కోదాడ, జులై 23
కాశీరాంకు,
నీ ఉత్తరం చదివి ఒళ్లు మండి సుధకు ఫోన్ చేశాను. “అమ్మ పోయినంక ఆదివారమొక్కనాడే మా ఇంట్ల మాటలు ఇనపడేటియక్కా,” అంది.

కాబట్టి రాసుకో. వజ్ర చచ్చింది. తన మంటలో తానే కాలింది. అచ్చయ్యగారి కాగితం చింపెయ్. ఇక ఎవరైనా వజ్రను బతికించాలని చూస్తే ఊరుకోను. ఆదివారం సుధ ఇంట్లో నలుగురం ఉండాలి.
ఇట్లు, స్వర్గీయ,
యశోద
తా.క.: ఈసారి విల్లు పడతాను. ఒక బాణం ఒక్కరికే తగులుతుందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. ఎవరికన్నది మాత్రం రాయలేదు. చదవగానే నువ్వే గుర్తొచ్చావు.