ఇర్మా అత్త డబ్బాలో ట్రెస్కోలు

1991 జులై 9, మంగళవారం

ఇవాళే రాయాలి. లేకపోతే రేపటికల్లా నాన్న చెప్పేదే నిజమని నేనూ నమ్మేస్తాను.

నాన్న దగ్గర 1954 నాటి బేస్‌బాల్ కార్డు ఒకటుంది. మా ఊరి సాసేజ్ కంపెనీ అప్పట్లో ప్యాకెట్‌కో కార్డు పెట్టేది. దీని మీద రాయ్ ట్రెస్కో బొమ్మ. మా ఊరి టీములో పదకొండు ఆటలాడి వెళ్లిపోయాడు. ఎవరికీ గుర్తులేడు. కానీ అతని కార్డులు మొత్తం మీద నాలుగే మిగిలాయట. అందుకే ఇలాంటి పాత కార్డులు కూడబెట్టే క్లీవ్‌లాండ్ డెంటిస్టు హాల్డేన్ గారు మూడు వేల డాలర్లు ఇస్తానన్నారు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటిదాన్ని నేనే. ఆగస్టు పదిహేనుకి ఫీజు కట్టాలి.

సాయంత్రం ఇర్మా అత్త వచ్చింది. నాన్నకు అక్క, ఆ కంపెనీలోనే ప్యాకింగ్ చేసేది. ధర విని నవ్వింది. ట్రెస్కో వేరే టీముకు పోగానే మిగిలిన కార్డులు తగలబెట్టమన్నారట. అట్ట బాగుందని ఇంటికి తెచ్చుకుందట. డబ్బా నిండా, రెండు వందల పన్నెండు.

నాన్న లేచి కిటికీ మూశాడు.

జులై 10

నాన్నకు సప్లై, డిమాండ్ పాఠం చెప్పింది నేనే. పోయిన సెమిస్టరులో, సూప్ తాగుతూ, గొప్పగా. ఇవాళ నాకే అప్పజెప్పాడు.

"సరుకు తగ్గితే ధర నిలుస్తుందని నువ్వే కదే చెప్పావు? తగలబెట్టేద్దాం."

అత్త కుదరదంది. కనీసం నోరు మెదపకు అక్కా అని బతిమాలాడు. సరేనంది.

జులై 14, ఆదివారం

అత్త నోరు మెదపలేదు. చర్చి బేక్ సేల్‌లో అక్రోట్లు కూరి చుట్టిన నట్‌రోల్ రొట్టెలు నలభై అమ్మింది. ఒక్కోదానికీ తయారుచేసే పద్ధతి రాసి, రిబ్బనుతో కట్టింది. ట్రెస్కోల వెనకవైపు.

జులై 15

వాటిని వెనక్కి తేవడానికి నాన్న ఇల్లిల్లూ తిరిగాడు. మొదటి ఇంట్లో ఊరికే ఇచ్చారు. రెండో ఇంట్లో ఎందుకని అడిగారు. ఆరో ఇంటికి నాన్నకంటే ముందే ఫోన్ చేరింది. ఆ ఇంటి హుడక్ ఆంటీ కార్డుకి ఇరవై డాలర్లంది. ఆవిడ కొన్న నట్‌రోల్ నాలుగు డాలర్లు.

"ఏమయ్యా ఎమిల్, రిటైరయ్యాక వంట నేర్చుకుంటున్నావా?" అందట.

అడిగేకొద్దీ పెంచుతున్నారని నాన్న లబోదిబోమన్నాడు. డిమాండ్ అంటే అదే అన్నాను. భోజనం దగ్గర బ్రెడ్ నా వైపు జరపలేదు.

జులై 17

శుక్రవారం చెక్కు పంపుతానని హాల్డేన్ గారు రాశారు. ముందు చెక్కు రానీ, తర్వాత చూద్దాం అంటాడు నాన్న. రాతలున్న కార్డులు లెక్కలోకి రావట. మరి డబ్బాలో మిగిలిన నూట డెబ్బై రెండో? మా ప్రొఫెసర్ చెప్పిన బజారులో కొనేవాడికీ అమ్మేవాడికీ తెలిసింది ఒక్కటే. మా వంటింట్లో అలా లేదు.

ఆ ఫీజు కావాలి. చాలా కావాలి.

జులై 18

పొద్దున్నే ఉత్తరం ఎక్స్‌ప్రెస్ మెయిల్‌లో వేసేశాను. నాన్నకు చెప్పలేదు. నకలు:

హాల్డేన్ గారికి,
ట్రెస్కోలు నాలుగు కావు. మా అత్త దగ్గర ఇంకా నూట డెబ్బై రెండున్నాయి, చెక్కుచెదరలేదు. దయచేసి చెక్కు పంపకండి. ఇది తెలిశాక మీరెంత ఇవ్వగలరో రాయండి. ఆగస్టు పదిలోగా జవాబు కావాలి. సున్నా అయినా సరే, రాయండి. కవరు మీద నాన్న పేరు వద్దు. నా పేరు, రోజాన్ వర్గా అని రాయండి.