వద్దన్నవాళ్లకే ఇంకో మెయిల్

మంగళవారం రాత్రి, 2007

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను, నవ్వు ఆగక లేచాను. మా ఊరి ఆడవాళ్లు అల్లే వెదురు బుట్టలు కొంటారేమోనని లండన్‌లో ఒక దుకాణానికి మెయిల్ పంపితే, ఇక పంపవద్దని జవాబు వచ్చింది. జవాబిచ్చిన మనిషికి తిరిగి రాయకపోవడం మర్యాద కాదని క్షమాపణ పంపాను. పర్ణశాల యాత్రికులకు బొమ్మలమ్మిన రోజుల అలవాటు ఇది. వద్దన్నవాళ్లనే మళ్లీ పలకరించేవాణ్ని. ఈసారి వాళ్లు చట్టం పేరెత్తారు.

నెట్ సెంటర్ నడిపే మేరీ అది చదివి తల పట్టుకుంది.

"పెదనాయనా, ఆ దేశం రూలు ప్రకారం కంపెనీలకు అడగకుండ రాయొచ్చంట. గని మనమెవరో, యాడుంటమో చెప్పాలె. వద్దంటే ఆపాలె."

"సారీ గూడ చెప్పొద్దా?"

"అదే వద్దంటున్నరు గద. కేసు పెడితే లండన్ పోతవా ఏంది?"

"టికెట్ వాళ్లే ఇస్తరా?"

నవ్వాను గానీ, నా మర్యాద వల్ల ఆ ఆడవాళ్ల పని ఆగిపోతుందేమోనని లోపల గుబులు...

మేము మెయిళ్లు పంపే జాబితాలోంచి మేరీ ఆ దుకాణం పేరు తీసేసింది. మెయిల్ అడుగున మా దుమ్ముగూడెం చిరునామా, వద్దంటే ఆపేస్తామన్న మాట చేర్చి ఇంకో దుకాణానికి పంపింది. సాయంత్రానికి వాళ్లు బుట్ట ధర అడిగారు.