గేస్కె అత్త తడబడలేదు

వెస్సెల్ గారికి,

మీ వ్యాసం అచ్చు ప్రతి చూశాను. వాక్యం చివర మూడు క్రియలు వరుస తిరగబడి రావడం డచ్చి యాసల్లో ఎక్కడా కుదరదని రాశారు. మా గేస్కె అత్త సరిగ్గా అలాగే మాట్లాడుతుందని నేను రికార్డు చేసి ఇస్తే, "ఎనభై నాలుగేళ్ల మనిషి, వయసువల్ల తడబడింది" అని పేజీ అడుగున ఒక్క ముక్క రాసి తోసేశారు.

ఆ ముక్క అత్తే చదివింది. కాఫీ కప్పు పక్కన పెట్టేసింది.

"నేను తడబడ్డానటే? మా అమ్మ ఇలాగే తిట్టేది. మీ మామయ్య ఇలాగే నన్ను పెళ్లికి అడిగాడు. వాళ్లూ తడబడ్డారా?"

మర్నాడే అత్త ఉండే వీధిలో ఇంటింటికీ తిరిగాను. పదకొండు ఇళ్లలో తొమ్మిదింట అలాగే మాట్లాడారు, బేకరీలో పనిచేసే ఇరవయ్యేళ్ల అమ్మాయితో సహా. రికార్డులు పంపుతున్నాను, వినండి. మీ సిద్ధాంతం నిలబడాలని ఒక మనిషికి మతి తప్పిందంటారా? సిగ్గనిపించలేదా? ఆ ముక్క తీసేయండి, లేదా వ్యాసం మీద మీ పేరు పక్కనున్న నా పేరు తీసేయండి.

నిన్న మళ్లీ వెళ్లాను. అత్త నాతో టీవీలో వార్తలు చదివేవాళ్లలా ఆచితూచి మాట్లాడింది. తన యాస ఒక్కసారీ నోట రానివ్వలేదు. చివర్లో, "ఇప్పుడు సరిగ్గా ఉందా?" అని అడిగింది.

దానికి జవాబు మీరే వచ్చి చెప్పండి.

ఇంకా మీ విద్యార్థినే