మంచు ఆరిన జాయింటు

2007 డిసెంబరు, గురువారం రాత్రి. చింతపల్లి.

వేడిని రంగుల్లో చూపే ఆ కొత్త థర్మల్ కెమెరా నాకు సాయం చేసిందో, నన్ను ఆటాడించిందో ఇంకా తెలియడం లేదు.

పొద్దున సబ్‌స్టేషన్‌లో తీగల జాయింట్లలో వదులై వేడెక్కినది ఏదా అని వెతికాను. కాంట్రాస్ట్ పెంచితే మూడోది నిప్పులా ఎర్రబడింది. తగ్గిస్తే మిగతావాటిలాగే నీలమైపోయింది. తేడా చూస్తే రెండు డిగ్రీలే. ఏ రంగును నమ్మాలి?

లైన్‌మన్ అప్పలరాజు కెమెరా వైపు చూడనే లేదు. తల పైకెత్తి, "మూడోది కాదు సారూ, అయిదోది. అన్నిటి మీదా మంచు సుక్కలున్నాయి, దాని మీద నేవు. వేడికి ఆరిపోనాయి," అన్నాడు.

కెమెరాలో ఎలా తిప్పినా అయిదోది నీలమే. తీగను బిగించే దాని క్లాంపు కొత్తది, తళతళలాడుతోంది. మెరిసేవాటి దగ్గర కెమెరా పొరబడుతుందని ట్రైనింగులో అన్నట్టు గుర్తు. అన్నారా?

లైను ఆపించి మూడోదే విప్పించాను. శుభ్రంగా ఉంది. అంతలో కరెంటు ఇమ్మని ఆస్పత్రి నుంచి ఫోన్లు. లైను మళ్ళీ ఇప్పించేశాను.

"మరి అయిదోది ఎప్పుడు సూత్తాం సారూ?"

"రేపు," అన్నాను. రిపోర్టులో మాత్రం అన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టేశాను.

ఆస్పత్రి లైట్లు వెలుగుతున్నాయో లేదోనని కిటికీ తెరవడం ఇది నాలుగోసారి.