అమ్మవారున్న ఇల్లు

4-3-68
బి.ఎస్సీ. బోటనీ చదివినవాణ్ణి మశూచి టీకాలు వెయ్యమని పంపారు. మొక్కల్ని గుచ్చితే అరవవు. ఆ ఒక్క అనుభవంతో నరసన్నపేటలో బస్సు దిగి, సైకిలు మీద ఈ ఊరొచ్చాను. కూర్మమ్మ గారింట్లో బస. "ఏటి బాబూ, మీసమే సరిగా మొలవనేదు, సూదేటి పొడుస్తావు?" అంది. గవర్నమెంటు తరఫున నొచ్చుకున్నాను.

5-3-68
ఊళ్లో పిల్లలు లేరు.

ఉయ్యాలలన్నీ ఖాళీ. పిల్లలంతా అమ్మమ్మల ఊళ్లకెళ్లారట. అమ్మమ్మలు మాత్రం అరుగుల మీదే ఉన్నారు.

వీధి చివర ఎల్లాజీ గుమ్మానికి వేపమండలు. అతని కూతురికి అమ్మవారు పోసింది. బయటివాడు ఆ గడప దాటితే తల్లికి కోపమొచ్చి బిడ్డని తీసుకుపోతుందంటారు. నాది సైన్సు. అయినా కాళ్లు వాటంతటవే ఆగాయి.

6-3-68, మధ్యాహ్నం
కూర్మమ్మ ఎల్లాజీ ఇంటికి గంపెడన్నం మోసుకెళ్లింది. ఒక్క పిల్లకి ఇంతా అంటే, "తల్లికి ఆకలెక్కువ" అంది. నవ్వాను. తర్వాత ఆ ఇంటి గోడ పక్కగా నడిచాను. లోపల బోలెడు గుసగుసలు. నా అడుగులు వినగానే అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

సాయంత్రం
నిలదీస్తే కూర్మమ్మ ఒప్పుకుంది. మండలు కట్టిన ఇంట్లోకి టీకాలవాడు రాడు కదా అని ఊరి పిల్లలందరినీ అక్కడే దాచారు. ఆవిడ మనవరాలు నీలవేణిని కూడా. రోగం పక్కనే! వెంటనే టీకా వేస్తే చాలామంది బతుకుతారు, ఆలస్యమైతే లాభం లేదన్నాను. "నువ్వు గడప దాటితే ఎల్లాజీ గుంట సచ్చిపోతాది బాబూ" అంది.

7-3-68
చెప్పులు విడిచి, దాటాను.

చీకటి గది. గోడ వారన వరసగా పిల్లలు. సూది గుచ్చుతుంటే ఒక్కరూ ఏడవలేదు. తల్లి ఎదుట నోరెత్తకూడదని పెద్దవాళ్లు చెప్పారట. ఎల్లాజీ కూతురు అరిటాకు మీద పడుకుని నన్నే చూస్తోంది. నీలవేణి చెయ్యి చాపి, ఆ పిల్ల వైపు చూపించి, "మావా, తల్లికి కూడా ఏస్తావేటి?" అంది.

ఆ చాపిన చేతికి టీకా వేసి, తర్వాతి పిల్ల దగ్గరికి జరిగాను.

8-3-68
ఎల్లాజీ కూతురు వేకువనే పోయింది. ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ పలకరించలేదు. సాయంత్రం ఎల్లాజీయే వచ్చాడు. "నీ సెప్పులు మా గడప కాడ ఉండిపోనాయి బాబూ" అని నా ముందు పెట్టి వెళ్లిపోయాడు.

26-3-68
ఇద్దరికి జ్వరమొచ్చి తగ్గింది. మిగతా అందరూ క్షేమం. ఈ రోజు వీధిలో కేరింతలు కొడుతూ ఆడుతున్నారు. సంతోషం పట్టలేక సైకిలు బెల్లు కొట్టాను. టక్కున నోళ్లు మూసుకుని, గోడ వారన వరసగా కూర్చుని, చేతులు చాపారు.