రాజద్రోహి తల

బావ్‌చ్వాన్ అన్నయ్యకు,

మా నాన్న చెక్కిన తోలుబొమ్మలను షీఆన్ నగరంలో జరిగిన ప్రదర్శనలో నీవేనని చెప్పుకున్నావట. "పోయిన మనిషికి పేరెందుకే, వదిలెయ్" అంది అమ్మ. నేను వదల్లేదు. ఆవు తోలు నానబెట్టి, దీపం వెలుగు దూరేదాకా గీకి, నీ ముఖం చెక్కాను. వంకర ముక్కు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఏదీ మరవలేదు. దాన్ని రాజద్రోహి మొండేనికి తగిలించాను.

మొన్న మీ ఊరి జాతరలో, తెర మీద ఆ తల తెగిపడగానే మీ పిన్ని, "ఓసి, వీడు మన బావ్‌చ్వానే కదే" అంది. ఊరంతా పడీపడీ నవ్వింది. ఆట అయ్యాక, బొమ్మలు రాత్రిపూట ప్రాణం పోసుకోకుండా, ఎప్పటిలాగే తలలన్నీ ఊడదీసి వేరే పెట్టెలో పెట్టాను. అలా ఆటకు రెండుసార్లు నీ తల తీస్తున్నాను.

నాన్న పద్ధతిలో పదును చేసిన తోలు తరాలపాటు చెడదు. ఈ బొమ్మ మాత్రం నీదేనని ధైర్యంగా చెప్పుకో. ఎవరూ కాదనరు.

నీ గురువు కూతురు