గాలిలో పెట్టిన పేరు

ప్రియమైన అత్తయ్యా,

'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాశాను. కొట్టెయ్యలేదు, అదే పదివేలనుకోండి. ఫోనులో అయితే నా నోటికి హద్దుండదని ఈ ఉత్తరం రాసి మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఆదివారం చర్చిలో పాప జ్ఞానస్నానానికి మీరు రావద్దు.

నెలలు నిండకుండానే నా కడుపు కోసి పాపను తీశారు. మీ అబ్బాయి ఓడ మీద, నేను మత్తులో ఉన్నాం. దాని ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. లోపలి గదులు అతుక్కుపోకుండా కాపాడే పూత దానికింకా తయారుకాలేదట. పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన మందును గొట్టంతో లోపలికి పోస్తే తప్ప బతకదన్నారు డాక్టర్ దుకాస్. అప్పుడు మీరేం చేశారు? చేతులెత్తి, నీళ్లు లేకుండా గాలిలోనే పేరు పెట్టి దానికి జ్ఞానస్నానం చేశారు! చావబోయే పసిగుడ్డుకు చేసే తంతు అది. నిన్న బజారులో నర్సు మిర్సిని చెప్పింది: "మీ అత్తగారు గట్టి మనిషమ్మా! మందు ఆగిందిగానీ ఆవిడ ప్రార్థన ఆగలేదు."

నా ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ ఊపిరాడక నల్లబడుతుంటే మందు ఆపించి మరీ మీకు పేరు కావలసి వచ్చిందా? అదీ మీ పేరు, కల్లిరోయి! నిరుడు పోయిన మా అమ్మ పేరు, ఇస్మిని, పెట్టుకుంటానని నేను ఎంత ఆశపడ్డానో మీకు తెలియదా? గాలిలో పెట్టినా పేరు పేరేనట, ఆదివారం నీళ్లతో తంతు పూర్తిచేస్తారట గానీ పేరు ఇక మార్చనంటున్నారు ఫాదర్. ఇన్నాళ్లూ నోరు మెదపకుండా నా చేతి కాఫీ ఎలా తాగారు?

అగ్లయా

*

అమ్మడూ,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యిలో రొట్టెలు మాడ్చేశాను.

మందును ఆపింది నేను కాదు. అది ఫ్రిజ్‌లోంచి వచ్చింది, చల్లగా పొయ్యకూడదట. నర్సులకు చేతులు ఖాళీ లేవు. దుకాస్ ఆ సీసా నా పిడికిట్లో పెట్టి, "రొట్టెల పొయ్యి దగ్గర మనిషివి, నీ చేతులు వెచ్చగా ఉంటాయి. పట్టుకో, కుదపకు" అన్నాడు. "ఉపవాసాల రోజుల్లో పంది మందా?" అన్నాను. "పాపకు ఉపవాసం లేదు. నీ నోటికి ఉంటే బాగుండును" అన్నాడు. ఒక చేతిలో సీసా, రెండో చేత్తో సిలువ గుర్తు. అంతే నేను చేసింది.

పేరు సంగతంటావా, మీ అమ్మ పేరే నాలిక మీదికి వచ్చింది. మింగేశాను. పిల్ల దక్కకపోతే ఇస్మిని రెండోసారి మట్టిలోకి పోతుంది, నువ్వు తట్టుకోలేవు. పోతే నా పేరే పోనీ అనుకున్నాను. బతికాక ఎవరికీ చెప్పలేదు, నువ్వు ఇస్మిని అనే పిలుచుకుంటావని. ఆ మిర్సిని నాలుక తెగ! ఫాదర్‌తో నేను పోట్లాడతాను. ఆదివారం రాను.

కల్లిరోయి

*

అత్తయ్యా,

నా కోపం తగ్గలేదు. ఇంత సంగతి కడుపులో దాచుకున్నందుకు ఇంకా పెరిగింది. నన్ను ఒక్కమాట చెప్పనివ్వండి, ఫాదర్‌తో పోట్లాడకండి. పేరు మార్చడం లేదు. మట్టిలోకి పోతుందనుకున్న ఆ పేరుతోనే అది ఊపిరి పీల్చింది.

ఆదివారం రండి. చర్చి చల్లగా ఉంటుంది. చేతులు వెచ్చబెట్టుకుని మరీ రండి, దాన్ని ఎత్తుకోవలసింది మీరే.

మీ అగ్లయా